ప్రింటరు లేని కంప్యూటర్

ఫిల్మ్‌నగర్‌లో స్క్రిప్టు చదివే నిర్మాత ఒకాయన ఉన్నాడని చెబితే కృష్ణానగర్‌లో ఎవరూ నమ్మరు. అయినా 1998 వేసవిలో ఒక నిర్మాతగారు, తన తర్వాతి సినిమా స్క్రిప్టు కంప్యూటర్ ప్రింటులోనే ఉండాలని పట్టుబట్టారు.

ఆ కబురు సీతామహాలక్ష్మికి చెప్పినవాడు ఆయన ఆఫీసులో ప్రొడక్షన్ మేనేజరు సుబ్బరామయ్య. ఆమె పన్నెండేళ్లుగా తెలుగు టైపు మిషను మీద సినిమా స్క్రిప్టులు టైపు చేసి ఇల్లు నడుపుతోంది. కాఫీ మరకలు, కొట్టివేతలు, పేజీ ఈ చివర మొదలై ఆ చివర దాకా పాకే బాణం గుర్తులు, వీటన్నిటి మధ్యా రచయితలు ఇరికించే డైలాగుల్ని ఆమె ఒక్కసారి చూసి చదివేస్తుంది. తాము రాసింది తామే చదవలేని రచయితలు కూడా ఆమె దగ్గరికొచ్చి, "ఇక్కడ నేనేం రాశానమ్మా?" అని అడిగేవారు.

"ఇకనుంచి టైపు మిషను కాపీ వద్దమ్మా. కంప్యూటర్ ప్రింటు కావాలంటున్నారు పెద్దాయన," అన్నాడు సుబ్బరామయ్య, కుర్చీని ఫ్యాను కిందికి జరుపుకుంటూ.

"నా కాపీలో తప్పులేమైనా పడ్డాయాండీ?"

"తప్పులు పడ్డాయో లేదో తెలియాలంటే చదవాలి కదమ్మా. అది కాదు. మొన్న మద్రాసులో ఎవరో హీరోగారి టేబుల్ మీద చూశారట. స్పైరల్ బైండింగు, పైన ప్లాస్టిక్ అట్ట, లోపల కంప్యూటర్ అక్షరాలు. అప్పట్నుంచి అదే గోల. కథ సంగతి తర్వాత చూద్దాం, ముందు ప్రింటు సంగతి చూడు అన్నారు."

"ఎప్పటికి కావాలి?"

"శ్రావణంలో ముహూర్తం. ఆషాఢంలో కాగితాలు మీ చేతికొస్తాయి. అప్పటికి మీ ఇంట్లో కంప్యూటరుంటే పని మీదే. లేకపోతే అమీర్‌పేటలో డీటీపీ సెంటర్లు బోలెడున్నాయి. మీ మీద అభిమానం కొద్దీ ముందే చెబుతున్నా."

సుబ్బరామయ్య అభిమానం సంగతి ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. దానికి వోచరు అక్కర్లేదు కాబట్టి ఆయన అందరికీ ధారాళంగా పంచిపెడతాడు.

సీతామహాలక్ష్మి ఇంటికొచ్చి ఆలోచించింది. కృష్ణానగర్‌లో రాజమ్మ అనే ఆవిడ ఇంటి మేడ మీద రెండు గదుల్లో వాళ్ల కాపురం. వెంగళరావు నగర్‌లో ఒక టీచరమ్మ నడిపే చీటీ పాడితే ముప్పై అయిదు వేలు వస్తుంది. ఆ డబ్బు ఫలానా దానికని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఇంట్లో ఒకరి సంపాదన కాల్‌షీట్ల మీద ఆధారపడి ఉన్నప్పుడు, రెండోవాళ్లు డబ్బు దాచడానికి వేరే కారణం అక్కర్లేదు.

ఆ కాల్‌షీట్ల మనిషి ఆమె భర్త ఆదినారాయణ. యాభై ఏళ్లుంటాయి. నిండైన విగ్రహం, తెల్లబడిన కణతలు, బావిలోంచి వచ్చినట్టుండే గొంతు. భగవంతుడు ఇవన్నీ ఇచ్చి, సినిమావాళ్ల చేత రెండే రెండు వేషాలు ఇప్పించాడు. ఒకటి జడ్జి, రెండోది డాక్టరు. పద్దెనిమిదేళ్లలో ఆదినారాయణ వందమందికి పైగా శిక్షలు వేశాడు. ఆపరేషన్ గది తలుపు తీసుకుని బయటికొచ్చి, కళ్లజోడు తీసి, ఎంతమంది బంధువుల ముందు తల అడ్డంగా ఊపాడో లెక్కే లేదు.

రెండేళ్ల కిందట మాత్రం ఒక మార్పు జరిగింది. ఒక సినిమాలో ఆయనకు సైంటిస్టు వేషం దొరికింది. ప్లైవుడ్‌తో చేసిన గోడంత కంప్యూటర్ ముందు తెల్లకోటు వేసుకుని రెండు రోజులు నిలబడ్డాడు. వెనక ఒక లైట్‌మ్యాన్ ఎర్రబల్బులూ పచ్చబల్బులూ వెలిగించి ఆర్పుతుంటే, ఆదినారాయణ మీటలు నొక్కి భూగోళాన్ని ప్రమాదం నుంచి తప్పించాడు. అప్పట్నుంచి ఇంట్లోగాని, వీధిలోగాని, షూటింగులోగాని కంప్యూటర్ మాటొస్తే చివరి మాట ఆయనదే.

"ఈ విషయం నాకొదిలెయ్యి లక్ష్మీ," అన్నాడు చీటీ డబ్బు చేతికొచ్చిన రోజున.

"నాకు రెండే కావాలండీ. టైపు మిషను మీద ఏ అక్షరం ఎక్కడుందో దాంట్లోనూ అక్కడే ఉండాలి. కాగితం మీద అచ్చు పడాలి."

"అవి చిన్న విషయాలు. కంప్యూటర్ అన్నాక అవి లేకుండా ఎలా ఉంటాయి?"

"అడిగి తెలుసుకోండి."

"అడగడానికి ఏముంది? నాకు తెలియనిదా?" అన్నాడుగాని, మర్నాటి నుంచి కనపడినవాళ్లందరినీ అడగడం మొదలుపెట్టాడు.

చెప్పేవాళ్లకు కొదవలేదు. మేకప్ మ్యాన్, తెరకు అడ్డంగా ఫిల్టర్ గ్లాసు లేకపోతే ముఖం నల్లబడిపోతుందని చెప్పాడు. ఫైట్ మాస్టరు, ఆటలాడే జాయ్‌స్టిక్ లేని కంప్యూటర్ కొనడం దండగన్నాడు. మ్యూజిక్ డైరెక్టరుగారి అసిస్టెంటు, స్పీకర్లు రెండొందల వాట్లకు తక్కువుంటే ఇంట్లో పెట్టుకోవద్దని హెచ్చరించాడు. కెమెరా డిపార్ట్‌మెంట్ వాళ్లు తెర మీద లక్షల రంగులు కనపడాల్సిందేనన్నారు. వీళ్లలో ఎవరి ఇంట్లోనూ కంప్యూటర్ లేదు. అందుకే సలహాలు అంత నిస్సందేహంగా ఉన్నాయి.

ఆదినారాయణ అన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాడు. ఆ కాగితం చూసి సీతామహాలక్ష్మి, "ఇందులో ప్రింటరు లేదేం?" అంది. ఆయన జేబులోంచి పెన్ను తీసి అన్నిటికన్నా కింద, మిగిలిన కాస్త జాగాలో ప్రింటరు అని రాశాడు.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్లు అమ్మే దుకాణాలన్నీ ఒక్కచోటే వరసగా ఉండేవి. వెళ్దామనుకున్న రోజున సీతామహాలక్ష్మికి ఒక కోర్టు సీను అర్జెంటుగా టైపు చేసి పంపాల్సి వచ్చింది. ఆదినారాయణ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒక్కడే బయల్దేరాడు.

బేరం ఎక్కువసేపు సాగలేదు. ఆయన అడుగుపెట్టిన మూడో దుకాణంలో రామకృష్ణ అనే యజమాని లేచి నిలబడి, "సార్, మిమ్మల్ని ఎక్కడో చూశాను," అన్నాడు. అక్కడితో బేరం అయిపోయినట్టే.

"జడ్జిగారు కదూ? మా ఇంట్లో ఆడవాళ్లు మీరొస్తే చాలు సార్, ఇక న్యాయం జరిగినట్టే అనుకుంటారు," అని కుర్చీ వేసి, కూల్‌డ్రింకు తెప్పించాడు. పక్క దుకాణాల నుంచి నలుగురు తొంగిచూశారు.

ఆదినారాయణ గొంతు సవరించుకుని, కాగితం తీసి చదివాడు. రామకృష్ణ ప్రతి పేరుకీ తల ఊపాడు. పెంటియం. కలర్ మానిటరు. సీడీ డ్రైవు. స్పీకర్లు. జాయ్‌స్టిక్. ఫిల్టర్ గ్లాసు. చక్రాల టేబులు. ఇవి కాక, కాగితంలో లేనివి కూడా ఆయనకు గుర్తుచేశాడు. దుమ్ము పడకుండా మూడు ముక్కల కవరు, ఎలక ఆకారపు మౌసుకి పిల్లి బొమ్మున్న ప్యాడు.

"ధరలో ఏమైనా..." అన్నాడు ఆదినారాయణ.

"మీలాంటివాళ్లు బేరమాడితే ఎలా సార్? మీకు నేను ఎక్కువ చెబుతానా?"

జడ్జి స్థానంలో ఉన్నవాడు బేరమాడటం బాగుండదని ఆదినారాయణకీ అనిపించింది. "తెలుగు వస్తుంది కదా?"

"ఎవరినైనా పిలిచి వేయించుకుంటే వచ్చేస్తుంది సార్."

"ప్రింటరు?"

"ఈ రోజుల్లో ప్రింటరెందుకు సార్? అంతా తెర మీదే. అమెరికాలో కాగితం ముట్టుకోవడమే మానేశారు."

అమెరికాలో మానేసిన పని కృష్ణానగర్‌లో మొదలుపెట్టడం ఆదినారాయణకు నామోషీ అనిపించింది. పైగా డబ్బు కూడా అయిపోయింది. బిల్లు ముప్పై నాలుగు వేల ఆరు వందలు. మిగతా నాలుగు వందలూ ట్రాలీ ఆటోకి, దింపినవాళ్లకి, స్వీట్లకి సరిపోయాయి.

ఏడు అట్టపెట్టెలు ఇంటిముందు దిగేసరికి వీధి వీధంతా పోగైంది. ఇంటావిడ రాజమ్మ మెట్ల దగ్గర నిలబడి చూసింది. "ఏంది సీతమ్మా, గీ డబ్బాలన్ని ఏంది? మేడ మీద షూటింగ్ పెడ్తున్నరా?"

"కంప్యూటరండీ."

"మంచిదేగాని, మీటర్ గిర్రగిర్ర తిరుగుతది. ముందుగాల్నే చెప్తున్న, వచ్చే నెలసంది కిరాయిల యాభై ఎక్కువియ్యాలె."

కంప్యూటర్‌కి కుంకుమ పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. చక్రాల టేబులు కింద నిమ్మకాయలు పెట్టాలా వద్దా అనే చర్చ కాసేపు నడిచి, చక్రాలున్నాయి కాబట్టి పెట్టాలని తేలింది. ఆదినారాయణ మీట నొక్కాడు. తెర మీద ఏవో అంకెలు పడ్డాయి, తర్వాత నీలం రంగు వచ్చింది, తర్వాత స్పీకర్లలోంచి ఒక పాట ఇంటి పెంకులు కదిలేలా మోగింది. పెంకులు లేవు, అది స్లాబు ఇల్లు. ఉంటే కదిలేవే. వచ్చినవాళ్లు చెప్పులు గుమ్మం బయట విడిచి, చేతులు కట్టుకుని, సినిమా చూసినట్టు చూసి వెళ్లారు.

అందరూ వెళ్లాక సీతామహాలక్ష్మి అడిగింది. "తెలుగెక్కడుందండీ?"

"వేయించుకోవాలి."

"ప్రింటరు?"

"అది తర్వాతి స్టేజి."

"తర్వాతి స్టేజికి డబ్బు?"

ఆదినారాయణ పాట మార్చాడు. మూల టేబులు మీద పాత టైపు మిషను గుడ్డ కప్పుకుని కూర్చునుంది. ఎవరి స్క్రిప్టులైనా వస్తే దానిమీద కొడుతూనే, సీతామహాలక్ష్మి నాలుగు రూపాయలు కూడబెట్టి ఆషాఢం లోపల ప్రింటరు సంగతి చూడొచ్చనుకుంది.

నాలుగు రోజులు తిరక్కుండా ఆ ఆశ కూడా పోయింది. ఒక మధ్యాహ్నం ఆమె కూరలు తీసుకుని ఇంటికొచ్చేసరికి మూల టేబులు మీద జాయ్‌స్టిక్ ఉంది. మిషను లేదు.

"మిషనేదండీ?"

"ఆర్ట్ డైరెక్టరుగారు అడిగారు. పోలీస్ స్టేషన్ సెట్లో పెట్టడానికి పాత టైపు మిషను కావాలట. రోజుకి యాభై రూపాయలు అద్దె. కంప్యూటరొచ్చాక దాంతో మనకేం పని?"

"నన్నడగకుండా?"

"మూడు రోజుల్లో వచ్చేస్తుంది."

చెప్పినట్టే మూడో రోజున వచ్చింది. గోనెసంచిలో వచ్చింది. ఆదినారాయణ సంచిని గుమ్మం లోపల పెట్టి, కాళ్లు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ జరిగింది చెప్పాడు. "ఫైటుందని ముందు తెలియదు. విలను దాన్ని ఎత్తి కానిస్టేబుల్ మీదకి విసిరాడు. నేనక్కడే ఉన్నా. సింగిల్ టేకులో ఓకే అయింది. అద్దె, నష్టం కలిపి మూడొందలిచ్చారు, భోజనం కూడా పెట్టారు."

"కానిస్టేబులుకి దెబ్బ తగిలిందా?"

"లేదు. పక్కకి తప్పుకున్నాడు."

"దీనికి తప్పుకోవడం రాదు కదా," అంది సీతామహాలక్ష్మి.

ఆమె సంచి విప్పి నేల మీద ఒక్కొక్కటే తీసి పెట్టింది. కాగితం చుట్టే రోలరు వంగిపోయింది. అక్షరాల చేతులు సగం విరిగి, సగం ఒకదాంట్లో ఒకటి చిక్కుకున్నాయి. 'క్ష' మీట ఎప్పుడూ బిగుసుకునేది. వారానికోసారి కుట్టుమిషను నూనె ఒక చుక్క వేసి, దాన్ని మాట వినేలా చేసుకునేది ఆమె. ఇప్పుడు ఆ మీట కోసం వెతికితే కనపడలేదు. కాసేపు అలా చేతిలో ఒక ముక్క పట్టుకుని కూర్చుంది. ఆదినారాయణకు అప్పుడు మొదటిసారి భయమేసింది. ఆమె అరిచుంటే ఆయనకు తేలికగా ఉండేది. అరుపులకు జవాబు చెప్పడం ఆయన ఎన్నో సినిమాల్లో చూశాడు.

"రేపు నేను సికింద్రాబాద్ వెళ్తున్నా," అంది ఆమె చివరికి. "ఇవన్నీ ఇచ్చేసి నాక్కావలసింది తెచ్చుకుంటా."

"వీధంతా చూశారు లక్ష్మీ. ఇప్పుడు వెనక్కిచ్చామంటే పరువేం కావాలి?"

"చూశారు కదా. ఇక వాళ్లకి దాంతో పని లేదు. నాకే ఉంది."

మర్నాడు ఆయనకు షూటింగు. డాక్టరు వేషం. పొద్దున్నే ఒక ప్రాణం కాపాడే పని ఉందని ఆయన వెళ్లిపోయాడు. సీతామహాలక్ష్మి తనే పెట్టెలన్నీ మళ్లీ సర్దింది. థర్మాకోల్ ముక్కలు ఏ పెట్టెలోవి ఆ పెట్టెలో పెట్టి, తాళ్లు కట్టి, ట్రాలీ ఆటో మాట్లాడుకుని బయల్దేరింది.

ఆమెను చూసి రామకృష్ణ లేవలేదు. ఆమె జడ్జి కాదు కదా. విషయం విని, "వాడిన సరుకు మేడమ్. వెనక్కి తీసుకోం. మీరు ఆడవాళ్లు, ఇంత దూరం మోసుకొచ్చారు కాబట్టి సగం రేటుకి పెట్టుకుంటా," అన్నాడు.

"వారమేగా అయింది?"

"పెట్టె విప్పాక వారమైనా ఒకటే, సంవత్సరమైనా ఒకటే."

దుకాణం వెనకభాగంలో ఒక బల్ల మీద విప్పేసిన కంప్యూటర్లు గుట్టగా ఉన్నాయి. వాటి మధ్య స్క్రూడ్రైవరుతో పనిచేసుకుంటున్న నలభయ్యేళ్ల మనిషి తలెత్తి చూశాడు. మెళ్లో సన్నటి గొలుసుకి చిన్న సిలువ. పేరు సెబాస్టియన్. ఆ దుకాణంలో కంప్యూటర్లు బిగించేదీ బాగుచేసేదీ ఆయనే.

"అమ్మా, ఇంతకీ దీంతో మీరేం పని చేసుకుందామని కొన్నారు?" అని అడిగాడు.

నెల రోజుల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి అతను. సీతామహాలక్ష్మి చెప్పింది. తెలుగు టైపు, స్క్రిప్టులు, కాగితం మీద అచ్చు. ఆషాఢం.

"దీనికి పెంటియమెందుకమ్మా? పిన్నీసు తేవడానికి లారీ కట్టించుకుని వెళ్లినట్టుంది," అని, బల్ల కిందనుంచి ఒక పాత పెట్టెని బయటికి లాగాడు. "ఇది 486, పెంటియం కన్నా ముందు తరానిది. ఒక బ్యాంకువాళ్లు కొత్తవి కొనుక్కుని దీన్ని తీసేశారు. తెర తెలుపు నలుపే. మీ పనికి పదేళ్లయినా ఏమీ కాదు. దీనికి అక్షరాన్ని చుక్కలుగా కొట్టే ఇరవై నాలుగు పిన్నుల ప్రింటరు ఒకటి పెట్టుకుంటే తెలుగు గుడి, దీర్ఘం అన్నీ శుభ్రంగా పడతాయి. తొమ్మిది పిన్నులది చవకే గాని, వత్తులు అలుక్కుపోతాయి."

"అక్షరాలు టైపు మిషను మీద ఉన్నచోటే ఉంటాయా?"

"అలా వచ్చే సాఫ్ట్‌వేరుంది. చూస్తారా?"

ఆయన తీగలు తగిలించి, ఫ్లాపీలు రెండు మూడు మార్చి, ఆమె ముందు కీబోర్డు పెట్టాడు. బ్యాంకువాళ్లు వాడి వదిలేసిన బరువైన కీబోర్డు. మీటలు నొక్కితే టకటకమని చప్పుడొస్తోంది. సీతామహాలక్ష్మి కళ్లు మూసుకుని కొట్టింది. కళ్లు తెరిచి చూస్తే తెర మీద, 'కోర్టు హాలు. పగలు. అందరూ లేచి నిలబడ్డారు' అని ఉంది. ఒక్క తప్పు లేదు. 'క్ష' కూడా కొట్టి చూసింది. బిగుసుకోలేదు.

ఆమె మళ్లీ కౌంటరు దగ్గరికొచ్చి, సంచిలోంచి కళ్లజోడు, బిల్లు తీసింది. పన్నెండేళ్లుగా ఆమె పని అసలు కాగితాన్నీ టైపు చేసిన కాగితాన్నీ పక్కపక్కన పెట్టుకుని సరిచూడటం. బిల్లునీ పెట్టెల మీది చీటీల్నీ అలాగే సరిచూసింది. తొందరపడలేదు.

"ఇక్కడ పదిహేను అంగుళాల మానిటరని రాశారండీ. పెట్టె మీద పద్నాలుగని ఉంది."

"అది మోడల్ మారింది మేడమ్."

"ఇక్కడ స్పీకర్లకి ఒకసారి వేశారు. నాలుగు వరసలు కిందికి సౌండ్ సిస్టమ్ అని మళ్లీ వేశారు. ఇంటికొచ్చింది ఒక్క జతే."

రామకృష్ణ బిల్లు అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు.

"మెమరీ ముప్పై రెండు అని రాశారు. పొద్దున్నే వేసినప్పుడు తెర మీద మొట్టమొదట పదహారు వేల మూడువందల ఎనభై నాలుగు పడుతుంది. వారం రోజులూ చూశాను, మారలేదు." ఆమె వెనక్కి తిరిగింది. "బాబూ, ముప్పై రెండు ఉంటే ఎంత పడాలి?"

సెబాస్టియన్ యజమాని వంక చూశాడు, చేతిలో స్క్రూడ్రైవరు వంక చూశాడు. "ముప్పై రెండు వేల ఏడువందల అరవై ఎనిమిదమ్మా."

"జర సోచాయించి చెప్పవయ్యా," అన్నాడు రామకృష్ణ.

"సోచాయించే చెప్పిన సార్. అది లెక్క. మనం మార్చలేం."

అప్పటికి కౌంటరు ముందు ఇంకో ముగ్గురు కొనుగోలుదార్లున్నారు. వాళ్లలో ఒకాయన నెమ్మదిగా జేబులోంచి తన బిల్లు తీసి, తను కొన్న పెట్టెని తిప్పి చదవడం మొదలుపెట్టాడు. రామకృష్ణ అది చూశాడు. వెంటనే లేచి కుర్చీ వేశాడు. "కూర్చోండి మేడమ్. ఎండన పడొచ్చారు. కూల్‌డ్రింకు తెప్పిస్తా."

"వద్దండీ. ప్రింటరు తెప్పించండి."

తెప్పించాడు. పాత 486, కొత్త ప్రింటరు, తెలుగు సాఫ్ట్‌వేరు, ఆ టకటక కీబోర్డు, రెండు పెట్టెల కాగితం, అరడజను రిబ్బన్లు. ఇవన్నీ ఇచ్చాక, పైన మూడు వేలు చేతిలో పెట్టాడు. చక్రాల టేబులు మాత్రం ఆమె ఉంచుకుంది. ఏడు పెట్టెల్లోనూ ఆమెకు పనికొచ్చింది అదొక్కటే.

సాయంత్రం షూటింగు నుంచి వచ్చిన ఆదినారాయణ తెర వైపు చూసి కుర్చీలో కూలబడ్డాడు. "బ్లాక్ అండ్ వైటా?"

"కాగితం తెల్లగా ఉంటుంది, అక్షరం నల్లగా ఉంటుంది. ఇందులో రంగులకి పనేముందండీ?"

"ఎవరైనా వస్తే ఏం చెప్పను?"

ఏం చెప్పాలో ఆయనే ఆలోచించుకున్నాడు. కలర్ కంప్యూటర్ సర్వీసింగుకి వెళ్లిందని వీధిలో చెప్పాడు. అది ఏడాది గడిచినా సర్వీసింగు నుంచి రాలేదు. రాజమ్మ ఒకసారి మేడెక్కి చూసి, "ఇంతకు ముందుదే మంచిగుండె. పాటలొస్తుండె," అంది. పెంచిన కిరాయి మాత్రం తగ్గించలేదు.

ఆషాఢంలో స్క్రిప్టు వచ్చింది. నూట ముప్పై పేజీలు. సీతామహాలక్ష్మి పదిహేను రోజులు కూర్చుని కొట్టింది. ప్రింటరు మొదటిసారి కాగితం మింగడం మొదలుపెట్టినప్పుడు వచ్చిన చప్పుడుకి పక్కింటి కుక్క లేచి మొరిగింది. కాగితం రెండు వైపులా చిల్లులున్న పట్టీలుంటాయి, వాటిని చింపి తీసేయాలి. ఆ పని ఆదినారాయణ అడక్కుండానే తీసుకున్నాడు. వరండాలో కూర్చుని, ప్రతి కాగితాన్నీ ఎత్తి పట్టుకుని, తీర్పు చదవబోతున్నంత గంభీరంగా పట్టీలు చింపేవాడు. టైపు మిషను సంగతి ఆయన ఎత్తలేదు. ఒకరోజు మాత్రం, "ఆ మూడొందలూ నేను ముట్టుకోలేదు, రిబ్బన్లకి ఉంచు," అని ఆమె చేతికిచ్చాడు. ఆమె తీసుకుంది.

స్పైరల్ బైండింగుతో, ప్లాస్టిక్ అట్టతో స్క్రిప్టు ఫిల్మ్‌నగర్ ఆఫీసులో నిర్మాతగారి టేబుల్ మీదకి చేరింది. ఆయన అట్ట మీద రెండుసార్లు చేత్తో నిమిరి, చేతిలో పట్టుకుని బరువు చూసి, "ఇదీ స్క్రిప్టంటే," అన్నారు. తెరవలేదు. ముహూర్తం నాడు దేవుడి పటం ముందు పెట్టి పసుపు కుంకుమలు చల్లారు. పూజ పూర్తయిన గంటకి, హీరోగారి జ్యోతిష్కుడు పాత్ర పేరు 'రాజా' ఉండకూడదు, 'విజయ్' ఉండాలని తేల్చాడు.

టైపు మిషను రోజుల్లో అయితే ఇది మళ్లీ నూట ముప్పై పేజీల పని. ఫోన్లో సెబాస్టియన్‌ని అడిగితే, ఒక పదం తీసి అన్నిచోట్లా ఇంకో పదం పెట్టే దారి చెప్పాడు. పావుగంటలో అయిపోయింది. కాకపోతే 'మహారాజా' అన్నచోటల్లా 'మహావిజయ్' అయి కూర్చుంది. నాలుగు చోట్ల ఆమె పట్టుకుని దిద్దింది. అయిదోది తప్పించుకుంది. డైరెక్టరుగారు సెట్లో అది చదివి, కొత్త ప్రయోగమని మెచ్చుకుని, అలాగే ఉంచారట.

మర్నాడు పొద్దున్నే కాపీలు తీసుకెళ్లి ఇస్తే సుబ్బరామయ్య తెల్లబోయాడు. "అప్పుడే అయిపోయిందా? ఇంత తేలికైతే పేజీకి పాత రేటెందుకమ్మా? సగం వేసుకుందాం."

ఆమెకు ఆ ఒక్కసారితో పాఠం వచ్చేసింది. నొప్పి కనపడని పనికి ఫిల్మ్‌నగర్‌లో ధర లేదు. తర్వాత సీన్లు మారినప్పుడు, "ఎప్పటికి ఇస్తారు?" అని ఆయన అడిగితే, ఆమె కళ్లజోడు తీసి, నుదురు నొక్కుకుని, "కష్టమేనండీ. ఎల్లుండి సాయంత్రం దాకా పడుతుంది," అంది. పాత రేటే ఇచ్చాడు. ఇవ్వడమే కాదు, ఇంకో రెండు ఆఫీసులకు ఆమె పేరు కూడా చెప్పాడు. అభిమానం కొద్దీ.

సెబాస్టియన్‌ని ఆ మెమరీ లెక్క చెప్పిన నెలలోనే రామకృష్ణ పనిలోంచి తీసేశాడు. ఆ సంగతి తెలిసి సీతామహాలక్ష్మి చాలా బాధపడింది. తనను పిలిచిన ప్రతి ఆఫీసులోనూ అతని పేరు చెప్పింది. ఏడాది తిరిగేసరికి కృష్ణానగర్ మెయిన్ రోడ్డు పక్క సందులో అతను సొంతంగా చిన్న గది తీసుకున్నాడు. సినిమావాళ్లు సలహాలు విని కొన్న పెంటియంలు అతని బల్ల మీద ఎప్పుడూ అరడజనుకి తక్కువ ఉండేవి కావు. వచ్చినవాళ్లందరినీ అతను ముందు ఆ పాత ప్రశ్నే అడిగేవాడు. చాలామందికి జవాబు తెలిసేది కాదు.

ఇక స్క్రిప్టుల్లో మార్పులొచ్చిన రోజుల్లో సీతామహాలక్ష్మి పొద్దున పదకొండింటికల్లా పని ముగించి, ప్రింటరు మీద గుడ్డ కప్పి, భోజనం చేసి, చాప వేసుకునేది. పెళ్లయిన దగ్గర్నుంచి ఆమెకు మధ్యాహ్నం పడుకోవడమంటే ఏమిటో తెలియదు. మొదట్లో నిద్ర పట్టేది కాదు. తర్వాత అలవాటైంది. సుబ్బరామయ్య ఆఫీసు నుంచి మనిషి వస్తే, ఆదినారాయణ వరండాలోనే అతన్ని ఆపి, "లోపల పని జరుగుతోంది. ఇప్పుడు పిలిస్తే తప్పులు పడతాయి," అని పంపించేసేవాడు. లోపల ఆమె గోడవైపు తిరిగి నాలుగింటి దాకా నిద్రపోయేది.